నొక్కి చెప్పడం: మన ‘ఏ’కి ఇంగ్లీషులో జోడీ ఏది?

వార్షికోత్సవ సంచికకు ఒక ఇంగ్లీషు పాఠం రాయమని తమ్ముళ్ళు అడిగారు. ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను కాబట్టి తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. టెన్సులు, యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ మళ్ళీ చెప్పను. అవి ఉన్న గైడ్లు మన ట్రంకు పెట్టెల్లో ఎప్పుడూ ఉంటాయి, అన్నల దగ్గర నుంచి తమ్ముళ్ళకు చేతులు మారుతూనే ఉంటాయి. ఆ గైడ్లలో ఒకటి రెండు లైన్లతో దాటేసే సంగతి ఒకటుంది. మాట్లాడేటప్పుడు ఒక మాటను నొక్కి చెప్పడం ఎలా అనేది. ఈ పాఠం దాని గురించే.

ఇదేమంత పెద్ద విషయం అనుకోవద్దు. మనకు ఇంగ్లీషు మాట్లాడవలసిన అవసరం ఎప్పుడొస్తుందో ఒకసారి ఆలోచించండి. ఇంటర్వ్యూలో వస్తుంది. వేరే రాష్ట్రంలో పనికి చేరినప్పుడు వస్తుంది. అప్లికేషన్ ఇచ్చాక ‘మీది అందలేదు’ అని అవతలివాళ్ళు అన్నప్పుడు వస్తుంది. వీటన్నిటిలో మన మాట అవతలి మనిషి నమ్మాలి. తెలుగులో అయితే ‘ఇచ్చానండీ, నా చేత్తోనే ఇచ్చాను’ అంటాం. ఆ ‘నే’లో ఎంతో బలం ఉంది. అదే ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే ఆ బలం ఎక్కడ పెట్టాలో తెలియక కొందరు గొంతు పెంచుతారు, కొందరు నీరుగారిపోతారు. గొంతు పెంచినవాడు కోపిష్టిలా కనపడతాడు. నీరుగారినవాడు అబద్ధం చెబుతున్నట్టు కనపడతాడు. ఇద్దరూ చెప్పింది నిజమే అయినా సరే.

ఒకే వాక్యం, నాలుగు అర్థాలు

‘అన్నయ్య నిన్న బస్సులో ఏలూరు వెళ్ళాడు.’ ఇది వట్టి వార్త. ఇప్పుడు మన ‘ఏ’ని ఒక్కొక్క మాటకు తగిలించి చూడండి. ‘అన్నయ్యే వెళ్ళాడు’ అంటే నాన్న వెళ్ళలేదని. ‘నిన్ననే’ అంటే మొన్న కాదని. ‘బస్సులోనే’ అంటే రైల్లో కాదని. ‘ఏలూరే’ అంటే గుడివాడ కాదని. ఒక్క అక్షరం ఎక్కడ వాలితే అక్కడ వెలుగు పడుతుంది. తమిళంలోనూ కన్నడంలోనూ ఇదే ‘ఏ’ ఉంది. హిందీలో ‘హీ’ అనే మాట దాదాపు ఇదే పని చేస్తుంది.

ఇంగ్లీషులో అదే వాక్యం: ‘మై బ్రదర్ వెంట్ టు ఏలూరు బై బస్ ఎస్టర్‌డే.’ మాట చివర తగిలించడానికి అక్కడ ‘ఏ’ లాంటి తోక ఏదీ లేదు. మరి ఆ నాలుగు అర్థాలూ ఎలా వస్తాయి? గొంతుతో వస్తాయి. ‘బ్రదర్’ అన్న మాటను కాస్త సాగదీసి, కాస్త పైస్థాయిలో పలికి, మిగతా మాటలన్నీ కిందిస్థాయిలో తేలిగ్గా దాటేస్తే ‘అన్నయ్యే’ అని అర్థం. ‘బస్’ని అలా పలికితే ‘బస్సులోనే’. ‘ఎస్టర్‌డే’ని అలా పలికితే ‘నిన్ననే’. మాటల వరుస మారదు, ఒక్క మాట కొత్తగా చేరదు.

ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. నొక్కవలసిన మాటను పైకి లేపడం సగం పనే. మిగతా మాటలను తగ్గించడం రెండో సగం. మనం తెలుగు మాట్లాడినట్టు ప్రతి అక్షరాన్నీ సమానంగా, స్పష్టంగా పలుకుతూ, పైగా ఒక మాటను నొక్కబోతే వాక్యం మొత్తం అరిచినట్టు వస్తుంది. ‘టు’, ‘బై’, ‘మై’ లాంటి చిన్న మాటలను దాదాపు మింగేసినట్టు పలకాలి. మైకులో ఒకడి గొంతు వినపడాలంటే మిగతావాళ్ళు గుసగుసకు దిగాలి కదా, అలాగన్నమాట.

‘ఓన్లీ’తో వచ్చే నష్టం

గొంతుతో చేసే ఈ పని మనకు అలవాటు లేదు. అందుకని ‘ఏ’కి బదులు ఏదో ఒక మాట వెతుక్కున్నాం. దొరికింది ‘ఓన్లీ’. ‘నేను ముదినేపల్లి నుంచే వచ్చాను’ అనడానికి ‘ఐ కేమ్ ఫ్రమ్ ముదినేపల్లి ఓన్లీ’. ‘ఆయనే చెప్పారు’ అనడానికి ‘హీ ఓన్లీ టోల్డ్’. మనమే కాదు, తమిళులు, కన్నడిగులు, హిందీవాళ్ళు అందరూ ఇదే బాట పట్టారు. భారతీయ ఇంగ్లీషు గురించి రాసే భాషావేత్తలు దీన్ని ఒక లక్షణంగానే చెబుతారు, తప్పని కొట్టిపారేయరు. హైదరాబాదు ఆఫీసులో మనవాళ్ళ మధ్య ‘టుడే ఓన్లీ’ అంటే ఎవరూ నవ్వరు. అక్కడి వరకు నాకూ అభ్యంతరం లేదు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. తెలుగు ‘ఏ’ మాటను పెంచుతుంది. ఇంగ్లీషు ‘ఓన్లీ’కి ఉన్న మొదటి అర్థం ‘అంతే, అంతకు మించి ఏమీ లేదు’ అని. అది మాటను తగ్గిస్తుంది. ‘ఐ హావ్ ఓన్లీ టెన్ రుపీస్’ అన్నప్పుడు పది రూపాయలు ఎంత చిన్నవైపోయాయో చూడండి.

ఇప్పుడు ఇంటర్వ్యూ గదిలోకి వెళదాం. ‘ఎక్కడ చదివావు?’ అని అడిగారు. మనవాడు గర్వంగానే చెప్పాలనుకున్నాడు: ‘నేను సోషల్ వెల్ఫేర్ హాస్టల్లోనే ఉండి చదివాను సార్.’ నోట్లోంచి వచ్చింది మాత్రం ‘ఐ స్టడీడ్ ఇన్ సోషల్ వెల్ఫేర్ హాస్టల్ ఓన్లీ సార్.’ బయటి దేశం మనిషి ఎదురుగా ఉంటే అతనికి వినపడేది ‘ఏదో, వట్టి హాస్టల్లో చదివానండీ’ అని. ‘తెలుగు మీడియం ఓన్లీ’ కూడా అంతే. ‘మై ఫాదర్ వర్క్స్ ఆన్ ఫిష్ పాండ్ ఓన్లీ’ కూడా అంతే. మనల్ని ఎవరూ తగ్గించకుండానే, పొగడబోయి మన నోటితో మనమే తగ్గించుకుంటున్నాం. మా నాన్న చేపల చెరువు మీద కాపలా పని చేస్తాడు, అమ్మ ఐసు ప్యాకింగ్‌కి వెళుతుంది. వాళ్ళ మాట చెప్పేటప్పుడు నేను ‘ఓన్లీ’ చేర్చను.

మరి ఏమనాలి? గొంతుతో నొక్కడం రాని రోజుల్లో కూడా పనికొచ్చే మార్గాలున్నాయి. ‘ఇక్కడే’ అనడానికి ‘రైట్ హియర్’. ‘ఈ గదిలోనే’ అనడానికి ‘ఇన్ దిస్ వెరీ రూమ్’. ‘ఆయనే స్వయంగా’ అనడానికి ‘హీ హిమ్‌సెల్ఫ్’. ‘ఇప్పుడే’ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘ఇప్పుడే వచ్చాను’ అంటే ‘ఐ జస్ట్ కేమ్’ లేదా ‘జస్ట్ నౌ’. ‘ఇప్పుడే వస్తాను, ఆలస్యం చేయను’ అంటే ‘రైట్ నౌ’ లేదా ‘రైట్ అవే’. తెలుగులో ఒకే మాట జరిగినదానికీ జరగబోయేదానికీ సరిపోతుంది, ఇంగ్లీషులో విడిపోతుంది.

‘మైసెల్ఫ్’ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పరిచయం చేసుకునేటప్పుడు ‘మైసెల్ఫ్ ఫలానా’ అనడం మన దగ్గర బాగా పాతుకుపోయింది. అక్కడ ‘ఐ యామ్ ఫలానా’ అంటే చాలు. ‘మైసెల్ఫ్’కి అంతకంటే మంచి పని ఉంది, దాన్ని ఆ పనికి దాచుకోండి. ‘ఐ రిపేర్డ్ ది సైకిల్ మైసెల్ఫ్.’ సైకిలు నేనే బాగుచేసుకున్నాను, షాపుకి ఇవ్వలేదు. ‘ఐ ఫిల్డ్ ది ఫారం మైసెల్ఫ్.’ ఫారం నేనే నింపాను, ఎవరి చేతా రాయించుకోలేదు. మన ఇళ్ళల్లో మొదటిసారి ఫారాలు నింపిన పిల్లలం మనం. ఈ వాక్యం మన నోటికి రావాలి.

‘రానే వచ్చాడు’ = ‘హీ డిడ్ కమ్’

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటామంటే ఇది గుర్తుపెట్టుకోండి.

అవతలివాళ్ళు ‘నువ్వు అప్లికేషన్ ఇవ్వలేదు’ అంటున్నారు. ‘ఐ సబ్మిటెడ్’ అంటే అది వట్టి వార్త, వాళ్ళ మాటకు ఎదురు నిలబడదు. ‘ఐ సబ్మిటెడ్ ఓన్లీ’ అంటే అసలు అర్థమే కాదు. అక్కడ ఇంగ్లీషువాళ్ళు వాడేది ‘డిడ్’. ‘ఐ డిడ్ సబ్మిట్ ఇట్.’ ఆ ‘డిడ్’ మీద గొంతు నొక్కాలి. ‘మీరు కాదంటున్నారు గానీ, నేను ఇచ్చిన మాట నిజం’ అని అంత అర్థమూ ఆ ఒక్క మాటలో ఉంది. కోపం లేదు, బతిమాలడం లేదు. ఆ వెంటనే తేదీ చెప్పండి, రసీదు చూపించండి.

ఇదేదో మనకు లేని విచిత్రం కాదు. తెలుగులో ‘రానే వచ్చాడు’, ‘చెప్పనే చెప్పాను’, ‘ఇవ్వనే ఇచ్చాను’ అంటాం కదా. క్రియను రెండుసార్లు చెప్పి మధ్యలో ‘ఏ’ పెడతాం. ‘డిడ్ కమ్’, ‘డిడ్ టెల్’, ‘డిడ్ గివ్’ వాటికి దగ్గరి చుట్టాలు. అక్కడా క్రియ రెండు ముక్కలైంది. కాలం చూపించే పని ‘డిడ్’ తీసుకుంది, అసలు పని చెప్పేది రెండో ముక్క. కాబట్టి రెండో ముక్కకు మళ్ళీ భూతకాలం తగిలించకూడదు. ‘డిడ్ సబ్మిటెడ్’ అనేది తప్పు.

జరుగుతున్నదానికీ అలవాటుకూ ‘డూ’, ‘డజ్’. ‘ఐ డూ అండర్‌స్టాండ్ ఇంగ్లీష్, ప్లీజ్ స్పీక్ స్లోలీ.’ నాకు ఇంగ్లీషు అర్థమవుతుంది, కాస్త నెమ్మదిగా మాట్లాడండి. ఈ వాక్యం ఒక్కటి వచ్చినా కొత్త ఊళ్ళో సగం భయం పోతుంది. ‘పెలికాన్స్ డూ కమ్ టు ఆటపాక.’ ఆటపాకకు గూడబాతులు వచ్చే మాట నిజమే, నమ్మకపోతే వచ్చి చూడండి.

ఒక వాక్యంలో ‘ఈజ్’, ‘యామ్’, ‘హావ్’, ‘కెన్’, ‘విల్’ లాంటివి ముందే ఉంటే ‘డూ’ అక్కరలేదు. వాటినే నొక్కండి. ‘ఐ యామ్ లిజనింగ్.’ ‘ఐ కెన్ డూ ఇట్.’ అలా నొక్కేటప్పుడు ‘ఐయామ్’ అని కలిపేయకుండా రెండు మాటలుగా విడదీసి పలకాలి.

మనకు ముందే వచ్చిన రెండు పద్ధతులు

మన తెలుగులో వాక్యాన్ని తిరగేసి నొక్కడం కూడా ఉంది. ‘అన్నయ్య వెళ్ళాడు’ అన్నదాన్ని ‘వెళ్ళింది అన్నయ్య’ అని తిప్పుతాం. ఇంగ్లీషులో దీనికి అచ్చంగా సరిపోయే అచ్చు ఉంది: ‘ఇట్ వాజ్ మై బ్రదర్ హూ వెంట్.’ మనుషులకు ‘హూ’, మిగతావాటికి ‘దట్’. పెద్దవాళ్ళు మనది కృష్ణా జిల్లా అని ఇప్పటికీ అంటుంటారు కదా, వాళ్ళకు చెప్పవలసిన వాక్యం: ‘ఇట్ వాజ్ ఇన్ 2022 దట్ ముదినేపల్లి కేమ్ ఇన్‌టు ఏలూరు డిస్ట్రిక్ట్.’ మన ముదినేపల్లి ఏలూరు జిల్లాలోకి వచ్చింది 2022లో. జనరల్ నాలెడ్జికి పనికొచ్చేది మరొకటి: ‘ఇట్ వాజ్ ఇన్ 2002 దట్ కొల్లేరు బికేమ్ ఏ రామ్‌సర్ సైట్.’

రెండోది ‘నాకు కావలసింది’ పద్ధతి. ‘నాకు కావలసింది ఒక్క అవకాశం’ = ‘వాట్ ఐ నీడ్ ఈజ్ వన్ ఛాన్స్.’ ‘నాకు నచ్చింది ఆయన ఓపిక’ = ‘వాట్ ఐ లైక్డ్ వాజ్ హిస్ పేషన్స్.’ ‘కావలసింది’ వరకు ‘వాట్ ఐ నీడ్’, తరవాత ‘ఈజ్’, ఆ తరవాత అసలు మాట. తెలుగు వరుసే ఇంగ్లీషు వరుస. గ్రూప్ డిస్కషన్లలో ‘వాట్ ఐ మీన్ ఈజ్...’ అని మొదలుపెట్టేవాళ్ళను గమనించండి. ఆ నాలుగు మాటలు పలికేలోపు అసలు మాట ఆలోచించుకోవడానికి వాళ్ళకు కాస్త టైము దొరుకుతుంది. అది కూడా లాభమే.

పదో తరగతి తెలుగు వ్యాకరణం ఇక్కడ పనికొచ్చింది

ద్విరుక్తటకార సంధి గుర్తుందా? పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పినది, మనం రెండు మార్కుల కోసం బట్టీ పట్టినది. ఒక మాటను రెండుసార్లు అన్నప్పుడు మొదటి మాటలో తొలి అచ్చు వరకు ఉంచి మిగతాది తీసేసి, ఆ స్థానంలో ‘ట్ట’ పెట్టడం. చివర, చివర కలిసి చిట్టచివర. మొదట, మొదట కలిసి మొట్టమొదట. ఈ సంధి ఉన్నదే నొక్కి చెప్పడానికి. ‘చివర’ అంటే చివరెక్కడో, ‘చిట్టచివర’ అంటే ఇంక దాని తరవాత ఏమీ లేదు.

వీటిని ఇంగ్లీషులోకి తీసుకెళితే ఒక చక్కని సంగతి బయటపడుతుంది. ఆ ‘ట్ట’ ఉన్న చోట ఇంగ్లీషువాళ్ళు ఎక్కువగా రెండు చిన్న మాటలతో పని నడుపుతారు: ‘వెరీ’, ‘రైట్’. మొట్టమొదటిది ‘ది వెరీ ఫస్ట్’. చిట్టచివరిది ‘ది వెరీ లాస్ట్’. నట్టనడుమ ‘రైట్ ఇన్ ది మిడిల్’. ఎట్టఎదుట ‘రైట్ ఇన్ ఫ్రంట్’. పట్టపగలు మాత్రం ప్రత్యేకం, ‘ఇన్ బ్రాడ్ డేలైట్’ అంటారు, అంటే పగటి వెలుగు విశాలంగా పరుచుకున్నప్పుడు అని. బట్టబయలు అయింది అనడానికి ‘ఇట్ ఈజ్ అవుట్ ఇన్ ది ఓపెన్’. ‘ఐ యామ్ ది వెరీ ఫస్ట్ గ్రాడ్యుయేట్ ఇన్ మై ఫ్యామిలీ’ అనే వాక్యం మనలో చాలామంది ఏదో ఒక రోజు చెప్పవలసిందే. మా ఇంట్లో మొట్టమొదటి గ్రాడ్యుయేట్‌ని నేను. ‘వెరీ’ని నొక్కండి.

అయితే మాటను రెండుసార్లు చెప్పడం అన్నిచోట్లా ఇంగ్లీషులోకి పోదు. ‘వేడివేడి టీ’ని ‘హాట్ హాట్ టీ’ అనడం మనవాళ్ళ మధ్య బాగానే ఉంటుంది గానీ అవతల ‘పైపింగ్ హాట్’ అంటారు. ‘చిన్నచిన్న ఇళ్ళు’ అంటే ‘స్మాల్ స్మాల్ హౌసెస్’ కాదు, ‘టైనీ హౌసెస్’. రెండుసార్లు అనడం ఒప్పుకునేవి కొన్ని ఉన్నాయి, వాటి మధ్య ‘అండ్’ ఉంటుంది: ‘ఎగైన్ అండ్ ఎగైన్’, ‘మైల్స్ అండ్ మైల్స్’, ‘ఓవర్ అండ్ ఓవర్’. ‘వెరీ వెరీ’కి మాత్రం ‘అండ్’ అక్కరలేదు.

కటిక చీకటికి ‘చాలా’ తగిలించం

చీకటికి ‘కటిక’, కొత్తకు ‘సరి’. తెలుగులో కొన్ని మాటలకు వాటి సొంత జోడీలున్నాయి. ‘కటిక వెలుగు’ అనం. ఇంగ్లీషులోనూ అంతే. కటిక చీకటి ‘పిచ్ డార్క్’. సరికొత్తది ‘బ్రాండ్ న్యూ’. ముద్దగా తడిసిపోవడం ‘సోకింగ్ వెట్’. చుక్క నీరు లేకుండా ఎండిపోవడం ‘బోన్ డ్రై’. కళ్ళు పూర్తిగా తెరుచుకుని మెలకువగా ఉండటం ‘వైడ్ అవేక్’. ఒళ్ళు హూనమయ్యేంత అలసట ‘డెడ్ టైర్డ్’. ఇవి అర్థం చూసి కట్టుకునేవి కావు, జతగా నేర్చుకోవలసినవే.

‘చాలా కటిక చీకటి’ అంటే వినడానికి ఎలా ఉంటుంది? కటికలోనే చాలా ఉంది కాబట్టి అతకదు. ఇదే సూత్రం ‘వెరీ ఎక్సలెంట్’కి వర్తిస్తుంది. ‘గుడ్’, ‘బిగ్’, ‘కోల్డ్’, ‘టైర్డ్’ లాంటి మామూలు మాటలకు ‘వెరీ’ పెట్టవచ్చు. ‘ఎక్సలెంట్’, ‘హ్యూజ్’, ‘ఫ్రీజింగ్’, ‘ఎగ్జాస్టెడ్’ లాంటివి అప్పటికే చివరికి చేరిన మాటలు. వాటికి ‘వెరీ’ బదులు ‘అబ్సొల్యూట్‌లీ’ వాడతారు. ‘వెరీ టైర్డ్’, కానీ ‘అబ్సొల్యూట్‌లీ ఎగ్జాస్టెడ్’. ‘రియల్లీ’ అయితే రెండు రకాలకూ సరిపోతుంది. సందేహం వచ్చినప్పుడు దాన్నే పట్టుకోండి.

‘సో’కీ ‘సచ్’కీ తేడా ఒక్క ముక్కలో చెబుతాను. గుణం ఒక్కటే ఉంటే ‘సో’: ‘ది ఫిష్ ఈజ్ సో బిగ్.’ వెంట వస్తువు పేరు కూడా ఉంటే ‘సచ్’: ‘సచ్ ఏ బిగ్ ఫిష్.’ ఇక కొరమీను పట్టుకుని ‘ఎంత పెద్ద చేపో!’ అని ఆశ్చర్యపోతే ‘వాట్ ఏ బిగ్ ఫిష్!’ అది ప్రశ్నయితే, అంటే ‘చేప ఎంత పెద్దది?’ అయితే ‘హౌ బిగ్ ఈజ్ ది ఫిష్?’ క్రికెట్ కామెంటరీలో ‘వాట్ ఏ క్యాచ్!’ వినే ఉంటారు.

‘టూ’ తగాదా: మనమూ, కొరియావాళ్ళూ

‘టూ’ అంటే తెలుగులో ‘మరీ’. హద్దు దాటింది అని. ‘ది బ్యాగ్ ఈజ్ టూ హెవీ’ అంటే మరీ బరువు, మోయలేను. అందువల్ల ‘యువర్ స్పీచ్ వాజ్ టూ గుడ్’ అని మెచ్చుకుంటే మనవాళ్ళు సంతోషిస్తారు గానీ బయటివాళ్ళు ‘మరీ బాగుంది అంటే? అందులో తప్పేముంది?’ అని ఒక్క క్షణం ఆగుతారు.

ఈ తికమక పడేది మనం ఒక్కళ్ళమే అనుకోవద్దు. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, 2019లో అక్కడ కార్ల తయారీ మొదలైంది. అది దక్షిణ కొరియా కంపెనీ. అలాంటి చోట కొరియావాళ్ళు, తెలుగువాళ్ళు మాట్లాడుకోవాలంటే మధ్యలో ఉండే భాష ఇంగ్లీషు, అది ఇద్దరికీ సొంతం కాదు. చిత్రమేమిటంటే నొక్కి చెప్పే విషయంలో కొరియా భాష నడక ఇంగ్లీషుకన్నా తెలుగుకే దగ్గర. వాళ్ళకూ క్రియ వాక్యం చివరే వస్తుంది. వాళ్ళూ మాట చివర తోకలు తగిలిస్తారు. ‘మాత్రమే’ అనడానికి ‘మాన్’ అని ఒక తోక, ‘అసలు నువ్వే’ అన్నట్టు నొక్కడానికి ‘యామల్లో’ అని ఇంకో తోక. కాబట్టి తోకలు లేని ఇంగ్లీషు దగ్గర మనకు వచ్చే చిక్కే వాళ్ళకూ వస్తుంది.

‘మరీ’ అనే అర్థంలో వాళ్ళకు ‘నొము’ అని ఒక మాట ఉంది. మొదట్లో దాన్ని చెడ్డదానికే వాడాలని నియమం. ‘మరీ ఖరీదు’, ‘మరీ దూరం’ లాగ. జనం మాత్రం ‘నొము’ బాగుంది, ‘నొము’ ఇష్టం అని మంచికీ వాడేశారు. చివరకు అక్కడి జాతీయ భాషా సంస్థ 2015లో మంచికి వాడటం కూడా సరైనదేనని ఒప్పుకుంది. మన ‘భయంకరంగా బాగుంది’ లాంటిదే అనుకోండి. ఆ అలవాటుతో ఇంగ్లీషుకు వస్తే వాళ్ళ నోటా ‘టూ బ్యూటిఫుల్’ వస్తుంది, మన నోటా ‘టూ గుడ్’ వస్తుంది. ఇద్దరికీ మందు ఒకటే. మెచ్చుకునేటప్పుడు ‘సో’ లేదా ‘రియల్లీ’, ఫిర్యాదు చేసేటప్పుడు ‘టూ’.

కాదనేటప్పుడు, ఒట్టు పెట్టేటప్పుడు

‘అసలు’ని నొక్కితే ‘అస్సలు’ అవుతుంది. ఇంగ్లీషులో దానికి ‘ఎట్ ఆల్’. ‘ఐ డోంట్ నో హిమ్ ఎట్ ఆల్.’ అతను నాకు అస్సలు తెలియదు. ‘రానే లేదు’ అనడానికీ ఇదే: ‘హీ డిడ్ నాట్ కమ్ ఎట్ ఆల్.’ ఇది కాదనే వాక్యాల్లోనూ ప్రశ్నల్లోనూ ఉంటుంది, అవుననే వాక్యంలో పెట్టకూడదు.

‘వాట్ ఆన్ ఎర్త్ ఆర్ యు డూయింగ్?’ అంటే ‘అసలేం చేస్తున్నావురా?’ అని. ‘రా’ అనగలిగిన మనిషి దగ్గరే దీన్ని వాడండి. వార్డెన్ గారి దగ్గరా, ఆఫీసరు దగ్గరా ఈ ప్రయోగం చేయవద్దు.

అమ్మతోడు అని మనం అలవోకగా అంటాం. ‘మదర్ ప్రామిస్’ అని దాన్ని యథాతథంగా దింపితే మన దేశం దాటాక అర్థం కాదు. ‘ఐ గివ్ యు మై వర్డ్’ అంటే మాటిస్తున్నాను అని, పెద్దవాళ్ళ దగ్గర కూడా గౌరవంగా ఉంటుంది. ‘ఐ మీన్ ఇట్’ అంటే ఉత్తుత్తిగా అనడం లేదు, నిజంగానే అంటున్నాను అని.

సాధన

పుస్తకంలో రాసుకుంటే ఇది రాదు, నోటితో అనాలి. ఇద్దరు కూర్చోండి. ఒకరు ‘మై బ్రదర్ వెంట్ టు ఏలూరు బై బస్ ఎస్టర్‌డే’ అనే వాక్యంలో ఏదో ఒక మాట నొక్కి పలకాలి. రెండోవారు కళ్ళు మూసుకుని విని, అది తెలుగులో ఎక్కడ ‘ఏ’ పెట్టిన వాక్యమో చెప్పాలి. తప్పు చెబితే పలికినవాడు సరిగా పలకలేదని అర్థం, విన్నవాడి తప్పు కాదు. స్టడీ అవర్ అయ్యాక పది నిమిషాలు చాలు. సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళు రికార్డు చేసి విన్నా మంచిదే. మన గొంతు మనకే నచ్చదు మొదట, అది అందరికీ ఉండేదే. ఇంగ్లీషు వార్తలు వినేటప్పుడు అర్థం కోసం కంగారు పడకుండా, ఒక్కో వాక్యంలో ఏ మాట పైకి లేచిందో అది మాత్రం పట్టుకోండి.

చివరగా కింది వాక్యాలను ‘ఓన్లీ’ వాడకుండా ఇంగ్లీషులో చెప్పండి. జవాబులు ఇవ్వడం లేదు, అన్నీ పైపాఠంలోనే ఉన్నాయి.

ఫీజు నేను కట్టనే కట్టాను, రసీదు ఇదిగో.

ఈ లెక్క నేనే చేశాను.

నాకు కావలసింది ఇంకొక్క రోజు.

మొన్నటి వరదలో మా వీధి నట్టనడుమ పడవ ఆగింది.

అతను నాతో అస్సలు మాట్లాడలేదు.

మా హాస్టల్లో కరెంటు పోతే కటిక చీకటి.

నన్ను చదివించింది మా అమ్మ.